సాయంత్రం బెల్లం

24 జూన్ 2024, సోమవారం. జగదల్‌పుర్.

డాక్టరు రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. ఏ రోజు, ఏ వైపు ముక్కు, ఎంతసేపు, రక్తమా నీరా. మురళిని అడిగితే అంతా బాగానే ఉందంటాడు. అందుకని అతను మురళిని వదిలి నా వైపు తిరిగాడు. మీరు రాయండమ్మా, మీరు రాస్తే నేను నమ్ముతాను అన్నాడు.

నేను స్కూల్లో సైన్సు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషిని. హాజరు పట్టీలు, మార్కుల పట్టీలు, స్టాకు రిజిస్టర్లు రాసీ రాసీ వేళ్లు గట్టిపడ్డాయి. రాయడం కష్టం కాదు. కానీ అవన్నీ ఎవరో ఒకరు చూసి సంతకం పెట్టేవి. డాక్టరుకి కావలసింది నాలుగు మాటలు. మిగతాది ఎవరు చూస్తారో తెలియదు. అయినా రాస్తాను.

శనివారం పొద్దున వంటింట్లో గ్యాస్ లీకైంది. నేను పెరట్లో తులసికి నీళ్లు పోస్తున్నాను. వాసన అక్కడిదాకా కొట్టింది. పరుగున వెళితే మురళి స్టవ్ పక్కనే స్టూలు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఒళ్లో అగ్గిపెట్టె. టీ పెట్టుకుందామని వచ్చాడట. ఒరేయ్, వాసన రావట్లేదా అని అరిచాను. ఏ వాసనమ్మా, ఏటొస్తంది అన్నాడు.

నా కొడుకు ఏ వాసన అని అడిగాడు. ఫారెస్టు డిపోలో దుంగ కోసిన చోట ముక్కు ఆనించి, ఇది బీజా చెక్క, ఇది టేకే గానీ లోపల కుళ్లింది అని చెప్పే మనిషి. మిగతా వ్యాపారులు వాడు ఏ దుంగ దగ్గర ఆగితే దాన్నే వేలంలో పాడుకునేవారు. ఈ మార్చిలో వాడే కుళ్లు దుంగలు లారీడు కొనుక్కొచ్చాడు. కళ్లు నెత్తికెక్కాయా అని తిట్టాను. కళ్లు కాదు.

కుడి ముక్కు ఏడాదిగా మూసుకుపోయి ఉందట. రుమాల్లో రక్తం పడుతోందట. జలుబనుకున్నాడట. ఏడాది జలుబు.

డాక్టరు సన్నటి కెమెరా లోపలికి పోనిచ్చి చూశాడు. తీసేస్తూ, ఏం పని చేస్తారు అని అడిగాడు. చెక్కపని అన్నాడు మురళి. తీస్తున్న కెమెరా ఆపి మళ్లీ లోపలికి పెట్టాడు.

25 జూన్

కుడివైపు. ఉదయం ఆరింటికి, పళ్లు తోముకుంటుంటే. పల్చటి రక్తం.

27 జూన్

షెడ్డు ఎలా ఉంటుందో కూడా డాక్టరు అడిగాడు. రేకుల షెడ్డండీ అన్నాను. ఆ జవాబు అతనికి చాలలేదు. ఇవాళ వెళ్లి కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను.

ఇంటి వెనకే ఉంది. మావారు రామలింగంగారు బొబ్బిలి నుంచి కలప కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయి కట్టించినది. ముందు భాగంలో బ్యాండ్ సా, ప్లేనర్. అక్కడ నంద ఉంటాడు, మేస్త్రీ. మధ్యలో మురళి ఉలులు. తలుపుల మీద లేళ్లు, నెమళ్లు, కొమ్ముల తలపాగాలతో ఆడే గిరిజనుల్ని చెక్కుతాడు. చివర పాలిష్ గది పక్కన ఆడవాళ్లు ఏడుగురు కింద కూర్చుని గరుకు రేగ్‌మాల్ కాగితంతో రుద్దుతారు. ఆ ఏడుగురికీ పెద్ద సుక్కి. పాలిష్ మీద రోడ్డు దుమ్ము పడకూడదని కిటికీలు మూసే ఉంచుతారు. బయటి దుమ్ము రాకూడదని. లోపలిది ఎక్కడికీ పోదు.

రంపం నుంచి పడే పొట్టు కిందికి పడుతుంది, కనపడుతుంది. ఆడవాళ్లు రుద్దినది పడదు. రేకుల సందులోంచి ఎండ పడితేనే తెలుస్తుంది, గాల్లో పొగలా నిలబడి ఉంటుంది. కళ్లజోడు తుడుచుకున్నాను, కాసేపటికి మళ్లీ తుడుచుకున్నాను. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో ఉండి అక్కడ ఒక పూట కూర్చున్నది ఇదే మొదటిసారి.

సాయంత్రం పని దిగాక కంప్రెసర్ గొట్టం పట్టుకుని ఒకరి మీది పొట్టు ఒకరు ఊదుకుంటారు. హోలీలా కేకలు. తర్వాత నా వరండా ముందుకొస్తారు. నేను తలా ఒక ముద్ద బెల్లం పెడతాను. ఇది రామలింగంగారు పెట్టిన ఆచారం. బెల్లం గొంతులో పొట్టుని లాక్కుని కడుపులోకి దింపేస్తుందని ఆయన నమ్మకం. లాక్‌డౌన్‌లో కూడా ఇళ్లకు పంపాను. మురళి చిన్నప్పటి నుంచీ ఆ వరసలో చివర నిలబడేవాడు. ఆరేళ్ల కిందట సుగర్ వచ్చినప్పుడు నేనే మాన్పించాను.

ఇవాళ సుక్కి బెల్లం నోట్లో వేసుకుంటూ నందతో, మా మరద్ సుధరాయించాడు రా, నా మొగుడు బాగుపడ్డాడు, ఏడాదైంది, ఇంటికొచ్చి గమ్మున పడుకుంటాడు, సారా వాసన లేదు, నేను చీపురు తియ్యడం మానేశాను అంది. నంద, వాడు తాగడం మానలేదు, నువ్వు ముసలిదానివై కొట్టడం మానేశావు అన్నాడు. ఈ షెడ్డులో ఇరవై ఏళ్ల పైగా ఉండి ఇద్దరూ మా తెలుగులోనే తిట్టుకుంటారు. సుక్కి చేతిలోని బెల్లం వాడి మీదికి విసరబోయి, మళ్లీ చూసుకుని నోట్లో వేసుకుంది. అందరూ నవ్వారు. నా వరండాలో సారా మాటలేమిటని కసిరాను.

3 జూలై

ముక్క తీసి పరీక్షకు పంపినది వచ్చింది. అడినోకార్సినోమా. క్యాన్సరే. సుధామణి చదవబోయి చదవలేకపోయింది. నేను చదివాను. సుధ నా మనవరాలు, మురళికి ఒక్కతే కూతురు, ఫార్మసీ రెండో ఏడు. తల్లి కోవిడ్ రెండో ఏట పోయింది. దానికి ఇక మిగిలింది వాడూ నేనూ.

డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. గట్టి చెక్కల సన్న దుమ్ము ముక్కు పైభాగంలో పేరుకుంటుంది. ఇరవై ముప్పై ఏళ్లు. అక్కడ మొదలవుతుంది. చెక్కపని చేసేవాళ్లలోనే ఎక్కువగా కనపడే జబ్బు ఇది. పెద్ద పొట్టు కాదు, రుద్దినప్పుడు లేచే కనపడని పొట్టు ఎక్కువ చెడ్డది.

గడ్డ ప్రస్తుతం ముక్కులోనే ఉంది. దానికీ కంటికీ మధ్య కాగితం మందం ఎముక ఉంది. అది దాటకముందే తీసేయాలి. దాటితే కన్ను. కన్ను దాటితే ఏమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆపరేషన్ విశాఖపట్నంలో. ముక్కు సర్జనూ మెదడు సర్జనూ కలిసి చెయ్యాలట.

బెల్లం ఏమైనా పనిచేస్తుందా అని అడిగాను. నవ్వాడు. నేను నవ్వకపోవడం చూసి ఆపాడు. బెల్లం గొంతులోంచి పొట్టలోకి పోతుందమ్మా, పొట్టు ముక్కులోంచి తలలోకి పోతుంది, రెండూ ఎక్కడా కలవవు అన్నాడు.

ఏడో తరగతి బొమ్మ అది. ఏటేటా బోర్డు మీద నేనే వేసేదాన్ని.

5 జూలై

బెల్లం ఆపేశాను. కిటికీలు తెరిపించాను. మాస్కులు తెప్పించాను, గుడ్డవి కాదు, బిగుతుగా పట్టేవి. నీళ్లు చల్లకుండా ఊడ్చకూడదన్నాను. పొట్టు లాగే మెషినుకి రాయ్‌పుర్ ఫోన్ చేశాను. సాయంత్రం వరండా ముందు నిలబెట్టి, ఏడో తరగతికి చెప్పినట్టు చెప్పాను, బొమ్మ గీసి మరీ.

వాళ్లు బొమ్మ చూశారు. తర్వాత నా చేతుల వైపు చూశారు, బెల్లం ఉందా అని.

నంద అన్నాడు, అమ్మాజీ, మేం రోజూ తిన్నాం, మాకేం కాలేదు. భయ్యా ఆరేళ్లుగా తినలేదు, భయ్యాకే వచ్చింది. మీరే చూడండి లెక్క.

లెక్క. నాకే లెక్క చెప్పాడు. అందులో తప్పెక్కడుందో నాకు తెలుసు. వాళ్ల తలకెక్కేలా అది ఎలా చెప్పాలో మాత్రం తెలియలేదు. తప్పు అని గట్టిగా అన్నాను. అంతే అనగలిగాను.

వెళ్లిపోతూ సుక్కి వాళ్ల హల్బీ భాషలో ఏదో అంది. సుధని అడిగితే చెప్పింది. ఉన్న ఒక్క మందూ లాక్కుని మూతికి గుడ్డ కట్టింది ముసల్ది అందట.

9 జూలై

మాస్కులు గడ్డం కింద ఉన్నాయి. నందది నుదుటి మీద. చెమట ఆపుతోంది అమ్మాజీ, బాగా పనిచేస్తోంది అన్నాడు.

12 జూలై. విశాఖపట్నం.

కిరండూల్ పాసింజరులో వచ్చాం. దారంతా వాన. సొరంగాల్లో మురళి నా వైపు చూడకుండా కిటికీ వైపు చూశాడు, చీకట్లో కూడా.

ఇద్దరు సర్జన్లు కలిసేది నెలకు రెండు గురువారాలు. మాకు ఆగస్టు ఎనిమిది ఇచ్చారు. సుగర్ ఇవాళ 152. ఇలాగే ఉంచండి, పెరిగితే కత్తి పెట్టను, తలలో గాయం మానకపోతే మనిషి దక్కడు అన్నాడు ముక్కు సర్జను. పెరగదన్నాను. వాడి కంచంలోకి నా చేయి దాటకుండా ఏదీ పోదన్నాను.

13 జూలై

కుడివైపు. రైల్లో, అరకు దాటాక. ఎక్కువ.

21 జూలై

సుగర్ 214. నిన్న 198. నాకు అర్థం కావడం లేదు. రాగి సంకటి, గోధుమ రొట్టె, ఆకుకూర. నేనే పెడుతున్నాను. టీలో చక్కెర లేదు. మామిడిపండు కొనలేదు.

27 జూలై

251. సుధని తిట్టాను, నీకు మెషిన్ వాడటం రాదని. కొత్త స్ట్రిప్పులు తెచ్చి నా వేలికి గుచ్చి చూపించింది. నాది సరిగానే ఉంది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. సారీ చెప్పాల్సింది. రొట్టెలు తక్కువ చేశాను.

మురళిని అడిగాను. టెన్షన్ అమ్మా, టెన్షన్‌కి పెరగదా ఏటి అన్నాడు. పెరుగుతుందని సుధ కూడా అంది. డాక్టరుకి ఫోన్ చేస్తే మాత్ర పెంచారు.

4 ఆగస్టు, ఆదివారం. హరేలీ అమావాస్య.

ఇక్కడివాళ్లు అమూస్ తిహార్ అంటారు. ఇవాళ పనిముట్టు ముట్టరు. రంపాలు, చిత్రిక పట్టే రందాలు, ఉలులు అన్నీ కడిగి వరసగా పరిచి పసుపు బొట్లు పెట్టారు. పనిముట్లకు బెల్లం వేసిన చీలా అట్లు నైవేద్యం పెట్టాలి. ఉలికి పెట్టే బెల్లం నేనెలా కాదంటాను. ఒప్పుకున్నాను. ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు, గెలిచినట్టు.

మురళి తన ఉలుల ముందు చాలాసేపు కూర్చున్నాడు. సుక్కి ఆకులో చీలా తెచ్చి ఇచ్చింది. వాడు నా వైపు చూశాడు. ఆకుని కళ్లకు అద్దుకుని తిరిగి ఇచ్చేశాడు. ఎంత సంతోషించానో. నా పెంపకం అనుకున్నాను.

సుగర్ 310.

7 ఆగస్టు. విశాఖపట్నం.

394. ఆపరేషన్ లేదు.

సర్జను నా మీద అరిచాడు. ఏం పెడుతున్నారమ్మా ఈయనకి? నేను పెట్టినవన్నీ పూటపూటకీ చెప్పాను. విన్నాడు. మీ లెక్క బాగుందమ్మా, ఆయన రక్తం ఇంకో లెక్క చెబుతోంది అన్నాడు. మురళి గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు.

ఇరవై రెండో తేదీ గురువారం ఇంకెవరికో ఇచ్చేశారు. మాకు సెప్టెంబరు పన్నెండు. ఇన్సులిన్ రాశారు. పొడవడం సుధకు వచ్చు.

8 ఆగస్టు

ఈపాటికి అయిపోయి ఉండేది.

17 ఆగస్టు, శనివారం. మధ్యాహ్నం.

బట్టలు తడిపేటప్పుడు మురళి పనిచొక్కా నిండా చీమలు. ఎర్రచీమలు, జేబు దగ్గర గుంపుగా. దులిపితే పోలేదు. జేబు తిరగేశాను. పొట్టుతో కలిసి ముద్దకట్టి, గుడ్డకు అంటుకుపోయిన బెల్లం.

నాకి చూశాను. తెలిసీ నాకి చూశాను.

షెడ్డుకి వెళ్లి జేబు వాడి ముందు పెట్టాను. చేతిలో ఉలి కింద పెట్టాడు. తర్వాత, నువ్వు మాన్పించావు అమ్మా, ఆరేళ్లు మానేశాను, ఆరేళ్లకీ ఇదొచ్చింది అన్నాడు. నాన్న చచ్చిపోయేదాకా తిన్నాడు, ముక్కుకేటైనా అయిందా అన్నాడు. రామలింగంగారు యాభై ఎనిమిదో ఏట గుండె ఆగి పోయారు. ముక్కుకి ఏదైనా అయ్యేందుకు టైము దొరకలేదు. ఆ మాట అన్నాను. విననట్టే ఉన్నాడు. ఆపరేషన్ లోపల గడ్డ కొంచెం కరిగినా కరుగుద్దని తిన్నానమ్మా అన్నాడు. నలభై తొమ్మిదేళ్లవాడు. నాలుగేళ్లవాడి గొంతు.

ఎవరిచ్చారని అడగక్కర్లేకపోయింది, వాడే చెప్పాడు. నేను పెట్టడం ఆపాక ఆడవాళ్లు తలా కొంచెం వేసుకుని బజార్లో బెల్లం దిమ్మ కొంటున్నారు. అందులో మొదటి ముక్క మురళిది. మేకుకి తగిలించిన చొక్కా జేబులో సుక్కి పెడుతుంది. హరేలీ రోజు నా ఎదుట తిరిగి ఇచ్చిన చీలాని షెడ్డు వెనక తిన్నాడట.

సుక్కి దగ్గరికి వెళ్లాను. నోటికొచ్చినట్టు తిడదామనే వెళ్లాను. ఆమె లేచి నిలబడలేదు, దాచలేదు. ఎవరి ఎంగిలీ తగలకముందే తీసి పెట్టాను అమ్మాజీ, మా మీద కోపముంటే మాకు ఆపు, నీ కొడుక్కి ఎందుకు ఆపావు అంది. సుగర్ పెరిగి ఆపరేషన్ ఆగిపోయింది నీ వల్ల అన్నాను. సుగర్ అన్నం తింటే వస్తుంది, బెల్లం చెరకులోంచి వస్తుంది, చెరకు చలవ అంది. ఆపరేషన్ ఆగితే భయ్యాకి మంచిదే కదా, రెండు కళ్ల మధ్య ఎముక కోస్తారంట, భయ్యా ఇక్కడే కూర్చుని ఏడ్చాడు అంది.

ఇక్కడే అంటూ తన పక్కన నేల చూపించింది. పొట్టు మీద వాడు కూర్చున్న గుర్తు ఇంకా ఉంది అన్నట్టుగా.

నా దగ్గర ఏడవలేదు. ఒక్కసారి కూడా.

తిట్టకుండానే తిరిగి వచ్చాను.

18 ఆగస్టు

పొద్దున వరండాలో బెల్లం దిమ్మ, కాగితంలో చుట్టి. సుక్కి పెట్టి వెళ్లింది. దంతేశ్వరీ మాయి మీద ఒట్టేసిందట, ఇక భయ్యాకి చిటికెడు కూడా పెట్టనని. నమ్మి కాదు, మీరు పోట్లాడకుండా వెళ్లిపోయారంట, అందుకు భయమేసిందట అని నంద వచ్చి చెప్పాడు.

24 ఆగస్టు

సుగర్ 208. కుడివైపు, రెండుసార్లు.

1 సెప్టెంబరు

164. మురళి ఇవాళ నవ్వాడు. సుధ ఇన్సులిన్ పొడుస్తుంటే, నాకు ఉలి పట్టడం రానప్పుడు మీ తాత చెక్కని ఇలాగే పొడిచేవాణ్ణి అన్నాడు. సుధ, చెక్క అరవదు నాన్నా, నువ్వు అరుస్తున్నావు అంది. నేను కూడా నవ్వాను. పన్నెండో తేదీకి సరిపోతుంది. ఈ కాగితం మీద సరిపోతుంది అన్న మాట రాయడం ఇదే మొదటిసారి.

పొట్టు లాగే మెషిన్ వచ్చింది. ఆన్ చేస్తే చిన్న రేకులు, రేగ్‌మాల్ ముక్కలు కూడా లాగేస్తోందని ఆపేశారు. దాని కొక్కేలకు ఆడవాళ్లు అన్నం డబ్బాల సంచులు తగిలించుకున్నారు. నేను వెళ్లి ఆన్ చేస్తాను. ఇంటికి వచ్చేలోపు శబ్దం ఆగిపోతుంది.

7 సెప్టెంబరు, శనివారం. వినాయక చవితి.

మురళి నన్ను షెడ్డులోకి పిలిచాడు. ఒక లేడి మెడ చూపించాడు. గీత ఒకటి ఉండాల్సిన చోట రెండు ఉన్నాయి, పక్కపక్కనే, రెండూ లోతుగా. అమ్మా, నాకు ఈ రెండూ నాలుగులా అగుపిస్తన్నాయి అన్నాడు.

వెలుతురులోకి తీసుకొచ్చి చూశాను. కుడి కన్ను కొంచెం బయటికి, పక్కకి. కొంచెమే. తల్లి చూస్తే తెలిసేంత.

పత్రి తెచ్చి పెట్టి ఉంది. పూజ సుధ చేసింది.

10 సెప్టెంబరు. విశాఖపట్నం.

కొత్త స్కాన్. ఎముక దాటింది.

సుగర్ 138. సర్జను ఆ కాగితం చూసి, ఇది నెల కిందట ఉండాల్సిందమ్మా అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

కన్ను తీసెయ్యాలి. దాని వెనక ఎంతవరకు పోయిందో తెరిస్తేగాని తెలియదు. కంటి సర్జను కూడా కావాలి కాబట్టి పన్నెండున కాదు, ఇరవై ఆరున. తీసినా పూర్తిగా పోతుందని చెప్పలేం అన్నాడు. తర్వాత రేడియేషన్. ఆ తర్వాత చూద్దాం. డాక్టర్లు చూద్దాం అన్న చోట ఏమీ లేదని నాకు తెలుసు.

మురళి ఒక్క ప్రశ్న అడిగాడు. ఒక కంటితో చెక్కొచ్చా? ముందు బతకడం సంగతి మాట్లాడుకుందాం అన్నాడాయన.

బయట బెంచీ మీద సుధ తల వంచుకుని ఏడుస్తోంది. మురళి దాని వీపు మీద చెయ్యి వేసి, బద్ద వంకర చూడాలంటే మేం ఒక కన్ను మూసే కదమ్మా చూస్తాం, ఇంక మూసే పని ఉండదు అన్నాడు. అని నా వైపు చూశాడు, నేను నవ్వుతానేమోనని. నాకు నవ్వడం చేతకాలేదు. లేచి వెళ్లి అడ్మిషన్ కాగితాలు తెచ్చుకున్నాను. కాగితాలే నాకు చేతనవుతాయి.

సుక్కికి ఇది తెలియకూడదనుకున్నాను. తర్వాత తెలియాలనుకున్నాను. రైల్లో పడుకునేదాకా ఈ రెండూ అనుకుంటూనే ఉన్నాను.

12 సెప్టెంబరు

గురువారం.

14 సెప్టెంబరు, శనివారం. సాయంత్రం ఐదు.

మురళి కన్ను సంగతి ఎలా తెలిసిందో సుక్కి వచ్చింది. బెల్లం లేదు చేతిలో. వరండా మెట్టు మీద కూర్చుంది. ఎప్పుడూ అక్కడ నిలబడటమే గాని కూర్చోలేదు. లే అనలేదు నేను.

భయ్యా కన్ను తీసేస్తే ఆ గుంటలో కొత్త కన్ను పెడతారా అని అడిగింది. గాజుది పెడతారన్నాను. దానికి కనపడుతుందా అంది. కనపడదన్నాను. మరి ఎందుకు అంది. తన గొంతు ముక్కులోంచి వస్తున్నట్టు ఉంది. ఏడ్చిందేమో అనుకున్నాను.

ఆమె మొగుడు తీసుకెళ్లడానికి వచ్చాడు. గేటు పట్టుకుని ఒకసారి ఊగి, నిలదొక్కుకుని, నాకు దండం పెట్టి మెట్ల దాకా వచ్చాడు. గేటు దగ్గరుండగానే ఇప్పసారా వాసన నా ముక్కుకి కొట్టింది. దగ్గరికి వచ్చేసరికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. వాడి చొక్కాకి, జుట్టుకి, నవ్వుకి కూడా అదే వాసన. సుక్కి వాడికీ నాకూ మధ్య, జానెడు దూరంలో కూర్చుని ఉంది.

తల ఎత్తి వాడిని చూసి, నా వైపు తిరిగి మెల్లగా, చూడు అమ్మాజీ, నేను చెప్పానా, పూరా సుధరాయించాడు, కొంచెం కూడా వాసన లేదు అంది.

వాడి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. దిగుతూ పమిట కొసతో ముక్కు తుడుచుకుంది. ఒకవైపే.

15 సెప్టెంబరు

జరగాల్సినవి:

1. ఇరవై నాలుగున అడ్మిషన్, ఇరవై ఆరున ఆపరేషన్. సంతకం నాది. సుధ చేత పెట్టించకూడదు.

2. షెడ్డుకి తాళం. తాళంచెవి నాతో విశాఖ వస్తుంది. నంద బతిమాలినా ఇవ్వకూడదు. వాళ్ల కూలి ఆగకూడదు.

3. కంప్రెసర్ గొట్టం కొయ్యాలి. ఇవాళే.

4. ఏడుగురి ముక్కులూ కెమెరాతో చూడాలి. నందది కూడా. సుక్కిది ముందు. మేం రైలెక్కేలోపు.

5. సుక్కి రాదు. నా బొమ్మను నమ్మదు. తన ముక్కును తానే నమ్మకుండా చెయ్యాలి. రెండు గ్లాసులు. ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో ఇప్పసారా. కళ్లు మూసుకుని వాసన చూసి, ఏది ఏదో చెప్పమనాలి.

6. గ్లాసులు మా వంటింట్లోవే.

7. సారా ఎక్కడ అమ్ముతారో ఆమె మొగుణ్ణి అడగాలి. నేనే వెళ్లి కొనాలి.